జొన్ని కోసం ఒక గుప్పెడు

అరచేతిలో వేరుశనగ గింజ.

బొటనవేలితో ఒక్క రాపిడి. ఎర్రటి పొట్టు గాలికి పోతుంది. పప్పు రెండు బద్దలవుతుంది, నూనె చెమ్మతో మెరుస్తుంది... అప్పుడు లేస్తుంది వాసన —

పచ్చి వాసన. తొలివాన తాగిన ఎర్రనేల వాసన.

భీమక్కకు ఆరేళ్లప్పుడు ఆ వాసన చూపించింది నాయన. ఉరుకుందప్ప. ఆదోని పత్తి మిల్లులో మూటలు మోసే మనిషి. మూటలు మోసి మోసి ఆయన అరచేయి మొద్దుబారింది గానీ, ముక్కు మొద్దుబారలేదు.

"మెరుపు సూసి మోసపోవద్దు పాపా. నలుపు. ముక్కు కాడ పెట్టుకో. పాతదైతే అదే సెప్తాది."

నలపడం. వాసన చూడడం. ఇప్పుడు భీమక్కకు ఇరవై ఏళ్లు. ఊరి బడిలో నేర్చినవాటిలో సగం మరిచిపోయింది. ఇది మరవలేదు.

ఇవాళ అదొక్కటే పట్టుకుని బయల్దేరింది.

పొద్దున్నే చలి. నందవరం రోడ్డు మీద ఆటో కోసం నిలబడింది. గాలి చేలమీది నుంచి వస్తోంది, చున్నీని లాగుతోంది, పద పద అంటోంది. ఎమ్మిగనూరుకు ఆటో. అక్కడ దొరక్కపోతే ఆదోనికి బస్సు. ఆదోనికి ఒక్కతే పోవడం ఇదే మొదలు.

గుండె ఒకచోట ఉండడం లేదు.

భయమా? భయమే. కానీ భయం మీద ఇంకేదో ఎక్కి కూర్చుంది. అది గంతులేస్తోంది.

ఇంట్లో, జొన్నల మూటల పక్కన, గోనెసంచి మీద జొన్ని పడుకుని ఉంది.

ఎండిన జొన్నకంకి రంగు కుక్క. మూడేళ్ల కిందట కోతలప్పుడు జొన్నచేలో దొరికింది, అరచేతిలో పట్టేంత. అందుకే జొన్ని. అప్పటినుంచి నాయన వెనకాలే నడక, నాయన మంచం కిందే నిద్ర. ఇప్పుడు దానికీ నలుగురు పిల్లలు. పుట్టి ఐదు రోజులు. కళ్లింకా తెరవలేదు. నాలుగు చిన్న మూతులు, రోజంతా వెతుకుతూ...

జొన్ని కడుపుతో ఉందని తెలిసిన రోజు నాయన సంబరం చూడాలి. చూలు బర్రెకు ఏం పెడితే బలం? పత్తి చెక్క. ఆదోనిలో పత్తిగింజ ఆడించి నూనె తీసిన ప్రతిచోటా మిగిలేది అదే. దాని బలంతోనే బర్రెలు బిందెలకు బిందెలు పాలిస్తాయి. మరి జొన్నికి?

మిల్లు నుంచి వచ్చేటప్పుడు తువ్వాలు చెంగున ఇంత చెక్క కట్టుకొచ్చేవాడు. దంచి, బెల్లం కలిపి, అరచేతిలో పెట్టి తినిపించేవాడు. జొన్ని తినేది. నాయన పెడితే మట్టయినా తినేది.

పది రోజులు పెట్టాడు. ప్రేమగా పెట్టాడు.

పిల్లల్ని కన్న మూడో రోజుకు జొన్ని తల ఎత్తలేదు.

పశువుల డాక్టరమ్మ వచ్చింది. కనురెప్ప లాగి చూసింది. గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ఏం పెడుతున్నారని అడిగింది. నాయన చెప్పాడు — కొంచెం గర్వంగానే చెప్పాడు.

"పత్తి చెక్కా! అది గొడ్లకప్పా. కుక్కకు అది విషం. ఇంకో పది రోజులు పెట్టింటే దీన్ని మర్చిపోవాల్సిందే."

నాయన అరచేయి మూసుకున్నాడు.

తర్వాత తెరవలేదు.

సూది వేశాక డాక్టరమ్మ గొంతు తగ్గించింది. మందు పని చేస్తుందట. కానీ అది తినాలి. ఎల్లుండికల్లా తినకపోతే పాలు ఎండిపోతాయి, అప్పుడు... ఆ మాట పూర్తి చేయలేదు. వెతుకుతున్న నాలుగు మూతుల వైపు చూసింది.

అన్నం పెట్టారు. గుడ్డు పెట్టారు. మజ్జిగలో జొన్నసంగటి పిసికి పెట్టారు. వాసన చూసి మూతి తిప్పుకుంది. నాయన దగ్గరికొస్తే మూతి కాదు, ఒళ్లంతా గోడవైపు తిప్పుకుంది.

అది చూసినప్పటినుంచి నాయన కంచం ముందు కూర్చుంటాడు. కలుపుతాడు. లేస్తాడు.

ఇంట్లో ఇద్దరు తినడం లేదు.

ఎల్లుండి అన్నది ఇవాళ్టికి వచ్చేసింది.

*

"కుక్కల కోసమే చేసిన మేత ఉంటుంది, అంగట్లో అడుగు," అని చెప్పింది డాక్టరమ్మ. "గుప్పెడు తిన్నా చాలు, దాంట్లో సత్తువ ఉంటుంది. కవరు మీద కుక్కపిల్లల బొమ్మ ఉన్నదే తల్లికీ పెట్టాలి. కవరు మీద రాసిన పేర్లలో మొదటిది మాంసం ఉండాలి. తేదీ చూడు. ముక్కిన వాసన వస్తే తేవద్దు."

ముక్కిన వాసన!

ఆ మాట వినగానే భీమక్క ఒళ్లు జల్లుమంది. అది తనకు తెలిసిన పనే. అది నాయన నేర్పిన పనే.

ఎమ్మిగనూరులో ఆటో దిగి పరుగులాంటి నడక. కోళ్ల దాణా, చిలకల గింజలు, చేపల తొట్లు అమ్మే అంగడి. బయట మూతి విప్పిన సంచి. గోధుమరంగు గుండ్రటి గోళీలు, నిగనిగలాడుతూ... ఎంత బాగున్నాయి! చేయి పెట్టి గుప్పెడు తీసింది. రెండు అరచేతుల మధ్య పెట్టి నలిపింది.

"నలుపుతాండావేంది పాపా, అవి శనగబుడ్డలు కాదు," అన్నాడు అంగడి ఉమేష్, బల్ల వెనక నుంచి.

పైపైన మసాలా వాసన. కమ్మగా ఉంది. భీమక్క కళ్లు మూసుకుంది. మళ్లీ పీల్చింది. కమ్మదనం కింద ఇంకొకటుంది — సీసా అడుగున మరిచిపోయిన నూనె వాసన.

"ఇది ఎప్పటిదన్నా?"

"కుక్కకు తేదీ ఎందుకు? అదేమన్నా క్యాలెండరు సూస్తాదా?"

అంగట్లో కూర్చున్న ఇద్దరు ఫక్కున నవ్వారు. భీమక్కకూ నవ్వొచ్చింది. మామూలుగా అయితే తల దించుకుని బయటికొచ్చేది. ఇవాళ కాళ్లు కదల్లేదు.

"మీ కుక్కకు ఇదే పెడ్తారా అన్నా?"

"మా ఇంట్లో కుక్క యాడిది తల్లీ? మా ఆడది నన్నే సాకలేక సస్తాంది!"

గుప్పెడు మళ్లీ సంచిలో పోసింది. చేతులు దులుపుకుంది. దొరకలేదు — అయినా కోపం రాలేదు, దిగులు రాలేదు. లోపలేదో రెక్క విప్పింది.

ముక్కు చెప్పింది. తన ముక్కు చెప్పింది!

ఆదోని బస్సు కదులుతుంటే ఎక్కింది.

*

కిటికీ పక్క సీటు. రెండు వైపులా నల్లరేగడి. పగిలిన కాయల్లో పత్తి, తెల్లగా, దూరం దూరంగా, ఎవరో వెన్నముద్దలు చల్లుకుంటూ పోయినట్టు. గాలి మొహాన కొడుతోంది. బస్సు పరిగెడుతోంది, భీమక్క దానికంటే ముందు పరిగెడుతోంది.

ఏం రంగు కవరు? ఎంత పెద్దది? మొదటి పేరు మాంసం... తేదీ... పిల్లల బొమ్మ... వాసన...

పెదవులు కదులుతున్నాయి. పరీక్షకు పోయే పిల్లలా.

రాళ్లగుట్టలు వచ్చాయి. ఆదోని వచ్చింది. పత్తి లారీలు, వాటి వెనకాల ఎగిరే దూది. కరెంటు తీగల మీద దూది, వేపకొమ్మల మీద దూది, ఒక పింజ భీమక్క జడ మీద కూర్చుంది. ముప్పయ్యేళ్లుగా నాయన ఈ గాలే పీలుస్తున్నాడు. ఈ ఊరి బలమే జొన్నికి పెట్టాననుకున్నాడు పాపం.

ముగ్గుర్ని అడిగితే అంగడి దొరికింది.

లోపల అడుగుపెట్టి అలాగే నిలబడిపోయింది.

గోడ నిండా కవర్లు! ఎరుపు, ఆకుపచ్చ, ఊదా, పసుపు... ప్రతి కవరు మీదా ఒక కుక్క, అన్నీ తననే చూస్తున్నాయి. చీరల అంగట్లో కూడా ఇంత ఊపిరాడకపోవడం ఎరగదు.

ఒక్కొక్కటి తీసింది. వెనక్కి తిప్పింది. చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు. వేలు పెట్టి కూడబలుక్కుంది. ఇది — మొదటి పేరు మొక్కజొన్న, కోడిమాంసం ఎక్కడో ఐదోది. పెట్టేసింది. ఇది — తేదీ దాటబోతోంది. పెట్టేసింది. ఇది పెద్దకుక్కలది. ఇది... ఇది...

"సదివి పరీక్ష రాస్తావా తల్లీ?"

అంగడాయన. చక్రపాణి. తెల్లజుట్టు, ముక్కు కొసన కళ్లజోడు. తిట్టడం లేదు, వినోదం చూస్తున్నాడు. ఆయన కుర్చీ పక్కన, ఫ్యాను కింద, ఒక ముసలి నల్లకుక్క నిద్రపోతోంది. మూతి చుట్టూ నెరిసిపోయింది.

భీమక్క ఆ కుక్కను చూసింది. చాలాసేపు చూసింది. పొట్ట లేచి పడుతోంది, నెమ్మదిగా. ముసలిదే, కానీ వెంట్రుక మీద మెరుపుంది.

ఆయన వైపు తిరిగింది.

"సార్... దీనికి మీరు ఏం పెడ్తారు?"

ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"పదిహేనేండ్లాయె అంగడి పెట్టి. ఏది సౌక అని అడుగుతారు, ఏది ఫారినుది అని అడుగుతారు. ఈ మాట ఎవురూ అడగల్యా."

వంగాడు. బల్ల కింద నుంచి స్టీలు డబ్బా తీశాడు. మూత తీసి, కొన్ని గింజలు ఆమె చేతిలో పోశాడు.

నలిపింది. గట్టిగా ఉన్నాయి, కటుక్కున విరిగాయి. పొడి అయింది. ముక్కు దగ్గరికి తెచ్చుకుంది —

వేయించిన కోడిమాంసం. ఎండుచేప. మళ్లీ పీల్చింది. దాని కింద? ఏమీ లేదు. మూడోసారి పీల్చింది. దాని కింద... ఏమీ లేదు! దాచుకున్న వాసన ఏదీ లేదు.

ఫ్యాను కింద ముసలికుక్క తల ఎత్తింది. కళ్లు పొరలు కమ్మి ఉన్నాయి, చూపు లేదు. ముక్కు మాత్రం గాలిలో దారి వెతుక్కుంటూ వచ్చింది. భీమక్క అరచేతిని నాకింది. వేళ్ల సందుల్లో కూడా వెతికి వెతికి నాకింది.

"అగో, దొరసాని కూడా సరే అనె," అన్నాడు చక్రపాణి.

భీమక్క నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

అదే కంపెనీది, పిల్లల బొమ్మున్నది తీసింది. మొదటి పేరు చదివింది. కోడిమాంసం. తయారైన తేదీ చదివింది. పోయిన నెల. ఇంకోసారి చదివింది, చదవడం బాగుంది కాబట్టి.

జొన్ని సంగతంతా విని ఆయన ఒకటే చెప్పాడు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి, మెత్తనైతే వాసన ఇంకా లేస్తుంది. ఆత్రపడి ఎక్కువ పెట్టొద్దు. ఇంకా నాలుగు గింజలు చేతిలో పెట్టాడు, దారికన్నట్టు.

*

తిరుగు బస్సు. ఒళ్లో కవరు. కుడిచేతి గుప్పిట్లో ఆ నాలుగు గింజలు, చెమటకు మెత్తబడుతూ.

"ఏమ్మే, గుప్పిలి మూసుకోని కూసున్న్యావు, బంగారం దొరికిందా?"

పక్క సీటు ముసలమ్మ. పేరు హుసేనమ్మ అని తనే చెప్పింది, ఎమ్మిగనూరులో కోళ్ల అంగడట. భీమక్క గుప్పిలి తెరిచింది. హుసేనమ్మ వంగి వాసన చూసింది.

"అబ్బా! నాకూ రెండు పెట్టు, పొద్దున్నుంచి ఏం తిన్లే."

ఇద్దరూ నవ్వారు. అప్పుడు భీమక్క చెప్పింది — ఎప్పుడూ ఎవరికీ ఇంత పొడుగు మాట చెప్పలేదు — చెక్క సంగతి, గోడవైపు తిరగడం, నాయన మూసుకున్న చేయి.

హుసేనమ్మ నవ్వు ఆపింది.

"నా పెద్దోడు పుట్టినప్పుడు నేను మా అత్త సేతి కూడు మూడు దినాలు ముట్టల్యా. కసాయం తాపిచ్చి తాపిచ్చి సంపె నన్ను."

"మళ్లా?"

"మళ్లేముంది? మూడో దినం ఆమె గిన్నె పట్టుకోని కూసోని ఏడ్సె. అదే సేత్తో పెట్టె. తింటి."

కిటికీలోంచి గాలి. ఆ మాట గాలికి పోలేదు. భీమక్క గుప్పిట్లోకి వచ్చి కూర్చుంది.

*

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. గడప మీద నాయన. మోకాళ్ల మీద చేతులు. గుప్పిళ్లు మూసే ఉన్నాయి.

లోపల నుంచి సన్నటి మూలుగులు. నిన్నటికంటే సన్నగా.

భీమక్క పరిగెత్తింది. నాయన ముందు కూలబడింది. ఆయన కుడి గుప్పిలి పట్టుకుని, ఒక్కొక్క వేలే విప్పింది — బొటనవేలు, చూపుడు వేలు, మిగతావి. పత్తి మూటల కొక్కెం గీసిన గీతలున్న అరచేయి. అందులో దారంతా దాచుకొచ్చిన గింజలు పోసింది.

"నాయనా. నలుపు."

ఆయన చూశాడు. నలపలేదు.

"మెరుపు సూడొద్దు. నలుపు."

బొటనవేలు కదిలింది. గింజలు పొడి అయ్యాయి. అలవాటు కొద్దీ, తెలియకుండానే, చేయి ముక్కు దగ్గరికి పోయింది. ఒకసారి పీల్చాడు. ఆగాడు. ఇంకోసారి...

"కొత్తదే," అన్నాడు.

రెండు రోజుల్లో నాయన మాట్లాడిన మొదటి మాట!

నీళ్లు వెచ్చబెట్టింది. సత్తుగిన్నెలో గుప్పెడు పోసి నానబెట్టింది. గింజలు ఉబ్బాయి, మెత్తనయ్యాయి. ఇల్లంతా వాసన లేచింది.

గిన్నె నాయన చేతికిచ్చింది.

"నువ్వే పెట్టు."

"నా సేయి సూస్తేనే తిరుక్కుంటాది పాపా. నువ్వు పెట్టు."

"నీ సేత్తోనే."

ఆయన గోనెసంచి దగ్గర కూర్చున్నాడు. జొన్ని వీపు కనిపిస్తోంది. గోడవైపే ఉంది. నలుగురు పిల్లలు దాని పొట్టకు అంటుకుని వెతుకుతున్నారు.

నాయన గిన్నెలోంచి గుప్పెడు తీశాడు. గుప్పిలి తెరిచాడు.

"జొన్నీ... తప్పాయె తల్లీ."

తలుపులోంచి గాలి వచ్చింది, చేలమీది గాలి. అరచేతి మీదుగా పోయి జొన్ని చెవిని తాకింది.

చెవి కదిలింది.

భీమక్క ముందుకు వంగింది.

ముక్కు కదిలింది. ఒకసారి. ఆగింది. ఇంకోసారి, లోతుగా — పైవాసన, దాని కింది వాసన, దాని కింద ఇంకేమైనా ఉందా అని...

తల ఇటు తిరిగింది.

చల్లటి ముక్కు నాయన అరచేతి మీద ఆనింది. కొక్కెం గీతల మీద, వేళ్ల సందుల్లో, మణికట్టు దాకా, తీరిగ్గా, నాయన వేరుశనగ చూసినంత తీరిగ్గా.

అరచేతిలో గుప్పెడు మేత. ఆవిరి. వాసన లేస్తోంది...

జొన్ని నోరు కొంచెం తెరుచుకుంది —