ఖాళీ గడి

1985 మార్చిలో చాంద్ సుల్తానా తను రాసిన ప్రోగ్రాములోంచి రెండు వరసలు తీసేసింది. తియ్యమన్నది ఆమె పై అధికారి శ్రీరామ్మూర్తి. కానీ తీసినప్పుడు ఆమెకేమీ కష్టమనిపించలేదు. పైగా సంతోషించింది. ఆ సంతోషం సంగతి తర్వాత ఎవరికీ చెప్పుకోలేదు.

వన్‌టౌన్‌లో తాళాలు బాగుచేసే దావూద్ కూతురు ఆమె. లెక్కల్లో బీయెస్సీ చదివి, ద్వారకానగర్‌లో ఒక మేడమీది కంపెనీలో చేరింది. ఆ కంపెనీ చిన్న కంప్యూటర్ల కోసం సొంతంగా ఒక భాష తయారుచేసింది. కొనుక్కున్నవాళ్ళు తమకు కావలసిన ప్రోగ్రాములు ఆ భాషలో రాసుకుంటారు. మాటలు కలపడం, కత్తిరించడం, ఒక మాటలో ఇంకో మాట ఉందేమో వెతకడం, ఇవన్నీ భాష లోపలే జరిగిపోతాయి. ఆ లోపలి పని సుల్తానాది.

వెతికే పనిని మొదట జాగ్రత్తగానే రాసింది. వెతకమని ఇచ్చిన మాటలో అసలు అక్షరాలున్నాయా అని ముందు చూసేది. లేకపోతే తప్పని చెప్పి ఆగిపోయేది. తర్వాత వేగం కావాలన్నారు. ఓడలు బాగుచేసే ఒక ప్రైవేటు యార్డు వాళ్ళు చూడడానికి వస్తున్నారు, బొంబాయి కంపెనీ ఒకటి పోటీలో ఉంది. ఆమె అంతా యంత్రభాషలో తిరగరాసింది. శ్రీరామ్మూర్తి కాగితాలు తిరగేసి, అక్షరాలున్నాయా అని చూసే రెండు వరసల దగ్గర ఆగాడు.

"ఖాళీ మాటని ఎవడు వెతుకుతాడమ్మా? ఇచ్చేవాడు చూసుకునే ఇస్తాడు. తీసెయ్."

తీసేసింది. పదకొండు సెకన్ల పని తొమ్మిదికి దిగింది. యార్డు వాళ్ళు కొన్నారు.

ఆగస్టులో ఎల్లారావు అనే వెల్డరు, యార్డు కంప్యూటరులో నడిచేది ఎవరి సరుకో కనుక్కుని, ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. యారాడ మనిషి, ఇరవయ్యెనిమిదేళ్ళు. యార్డులో పనికి కావలసిన గేటు పాసుకు మూడుసార్లు దరఖాస్తు పెడితే మూడుసార్లూ కంప్యూటరు కాదందట. రెండేళ్ళ కిందటి సమ్మెలో తీసేసినవాళ్ళ జాబితాలో ఉన్నావన్నారట. సమ్మెనాటికి తను పారాదీప్‌లో పనిచేస్తున్నట్టు కాగితం చూపించాడు.

"నాను ఆ యార్డులో అడుగే పెట్టనేదు మేడమ్. నా పేరు ఆ మిషన్లో ఎవులెక్కించినారో సెప్పండి, సాలు," అన్నాడు.

పరీక్షించి చూడడానికి యార్డు ఇచ్చిన ఆ జాబితా నకలు సుల్తానా దగ్గరుంది. తీసి చూసింది. అందులో ఒక ఎల్లారావు ఉన్నాడు, గాజువాక అప్పలస్వామి కొడుకు. పేరు కలిస్తే యార్డు ప్రోగ్రాము జాబితాలో అదే వరసలో దరఖాస్తులోని తండ్రి పేరు కూడా వెతుకుతుంది. రెండూ ఉంటేనే మనిషిని ఆపుతుంది. ఈ ఎల్లారావు తెచ్చిన దరఖాస్తు నకలులో తండ్రి పేరు గడి ఖాళీగా ఉంది. ఎందుకు వదిలేశావని అడిగింది.

"మాయమ్మ ఆ పేరెత్తదు. నాను పుట్టకముందే ఒగ్గీసి ఎలిపోనాడు. నాకెందుకు మేడమ్ ఆ పేరు?"

ఆమెకు అప్పుడు అర్థమైంది. తను రాసిన పని ఒక్కొక్క అక్షరాన్నీ పోల్చి, తేడా వస్తే లేదంటుంది. పోల్చడానికి అక్షరమే లేకపోతే తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది? ఉందంటుంది. ఏ తండ్రి పేరూ రాయని మనిషిని అలా అప్పలస్వామికి కొడుకును చేసేసింది.

వారంలో సరిచేయిస్తానని అతనికి చెప్పింది. తప్పు తనదని మాత్రం చెప్పలేదు.

రెండు వరసలూ ఆ పూటే మళ్ళీ రాసింది. శ్రీరామ్మూర్తి అడ్డు చెప్పలేదు, కొత్త ఫ్లాపీలో పంపించమన్నాడు. పాసు రానివాళ్ళను మళ్ళీ పరిశీలించమని యార్డుకు ఒక ఉత్తరం కూడా రాద్దామంది. దానికి మాత్రం మొహం ముడుచుకున్నాడు.

"మన మిషన్ తప్పు చెప్పిందని మనమే రాసిస్తే రేపు మన భాష ఎవడు కొంటాడు? గడి నింపకపోవడం అతని తప్పు."

ఫ్లాపీతో వెళ్ళిన కాగితంలో 'వెతుకులాట మెరుగుపరచబడినది' అని ఒక్క ముక్క ఉంది.

శనివారం సిటీ బస్సెక్కి యార్డుకు వెళ్ళింది. అక్కడి అధికారి అర్జునరావు కుర్చీ వేయించి, అంతా విన్నాడు. మూడుసార్లు కాదన్నవాళ్ళ దరఖాస్తు ఇక తీసుకోకూడదని రూలుందన్నాడు. కంపెనీ కాగితం మీద రాసిస్తే పైవాళ్ళతో మాట్లాడతానన్నాడు. కంపెనీ కాగితాలు ఆమె బల్ల సొరుగులోనే ఉన్నాయి. రాయలేదు. ఉద్యోగం పోతుందని భయపడింది. తర్వాత ఆ భయానికి ఇంటి బాధ్యత అని, ఇంకా ఏవేవో పేర్లు పెట్టుకుంది.

వారం కాస్తా నెలన్నర అయ్యాక యారాడ వెళ్ళింది. ఎల్లారావు తల్లి దేముడమ్మ ఇంటిముందు ఇసకలో చేపలు ఎండబెడుతోంది. కొడుకు హల్దియా వెళ్ళిపోయాడంది. అక్కడి పనికీ ఫారం ఉందట. ఈసారి గడి నింపాడట.

"మిషన్ కాడ మేడమొకావిడ ఆ గడెందుకు కాళీగా ఒగ్గీసినావని అడిగిందంట. అందుకే పనులు రాటంనేదని నా దగ్గిర కూకున్నాడు. సెప్పినాను." దేముడమ్మ ఒక చేపను తిరగేసింది. "ఇరవయ్యెనిమిదేళ్ళు ఆ పేరు గుమ్మంలోకి రానివ్వనేదు పాపా. ఇప్పుడు నా కొడుకు కాయితం మీద కూకున్నాది."

ఆ అడిగింది తనేనని, మిషన్‌లో తప్పు కూడా తనదేనని సుల్తానా చెప్పింది. దేముడమ్మ చేతిలోని చేపను ఇసక మీద పెట్టింది.

"ఇప్పుడు బాగైపోనాదా?"

"బాగైంది. ఇప్పుడు గడి ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు."

"అయితే ఆడికి సెప్పకు," అంది దేముడమ్మ. "ఊరికినే నాసేత ఆ పేరు సెప్పించీసినానని తెలిస్తే ఆడు తట్టుకోనేడు."

సుల్తానా చెప్పలేదు. హల్దియా చిరునామా కూడా అడగకుండానే బస్సు దారి పట్టింది.