తలుపుల మరమ్మతు

సంత దగ్గరి స్టాపులో రుమ్యానా ట్రామును ఆపింది. ఇంకో నాలుగు స్టాపులు దాటితే లైను చివర వస్తుంది. అక్కడ డ్రైవర్లకొక గది, గదిలో మరుగుదొడ్డి ఉండేవి. కొన్నేళ్ల కిందట నగర రవాణా సంస్థ ఆ గదిని కాఫీ కొట్టుకు అద్దెకిచ్చింది. మగవాళ్లకు డిపో గోడ ఉంది. ఆడవాళ్లకు ఏముందో ఏ ఉత్తర్వూ చెప్పలేదు. ఆ ఊళ్లో ట్రాములు నడిపేవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే.

తమ దారి వాళ్లే చూసుకున్నారు. డ్యూటీలో ఉన్నంతసేపూ నీళ్లు ముట్టరు. ఎప్పుడైనా ఆపుకోలేకపోతే బండి నిలిపి, తెలిసినవాళ్ల ఇంటికో కొట్టుకో పరుగెత్తి వచ్చి, తలుపు మొరాయించిందని కంట్రోలుకు చెబుతారు. కంట్రోలులో కూర్చునే లుబెన్‌కు అసలు సంగతి తెలుసు. మర్యాదస్థుడు కనుక తలుపనే రాసుకుంటాడు. ఏళ్ల తరబడి పేరుకున్న ఆ మర్యాద పైవాళ్లకు లెక్కల్లో తలుపుల లోపంగా కనిపించింది. చివరి స్టాపుల్లో గదులు కట్టడానికి ఉంచిన సొమ్ముతో ట్రాములన్నిటికీ కొత్త తలుపులు వేయించారు. రిబ్బను కత్తిరించి, మహిళా డ్రైవర్లకు తలా ఒక గులాబీ ఇచ్చారు.

"కిడ్నీకి మళ్లీ ఇన్‌ఫెక్షన్. నీళ్లు తాగు, లేదా ఆ ఉద్యోగం మానెయ్" అని, నడుము నొప్పితో వెళ్లిన రుమ్యానాకు మొన్న డాక్టరమ్మ కచ్చితంగా చెప్పింది. పింఛనుకు ఇంకా రెండేళ్లుంది. అందుకని ఈ ఉదయం రుమ్యానా నీళ్లు తాగింది.

రేడియో అందుకుంది. "లుబెన్, సంత దగ్గర దిగుతున్నా."

"నాలుగు స్టాపులేగా అక్కా, కాస్త ఓర్చుకో."

"ఓర్చుకుని అక్కడేం చెయ్యను? కాఫీ తాగనా?"

బ్రేకు బిగించి, బండి నడిపే పిడిని ఊడదీసి కోటు జేబులో వేసుకుంది.

"ఏమ్మా, మళ్లీ సమ్మెనా?" అన్నాడు వెనక సీటు పెద్దమనిషి.

"నువ్వు నోర్ముయ్యవయ్యా! ఇందాక సంత గోడవైపు తిరిగి నువ్వు చేసిన ఘనకార్యం నేను చూళ్లేదనుకున్నావా?" అంది ఉల్లికాడల సంచితో ఉన్న ముసలమ్మ. రుమ్యానా ముఖం ఒక్కసారి చూసి లేచింది. "రా తల్లీ, మా ఇల్లు ఇక్కడే, కింది వాటా. గుమ్మంలో పిల్లి పడుకుని ఉంటుంది, తొక్కకు."

రుమ్యానా తిరిగి వచ్చేసరికి వెనక మరో రెండు ట్రాములు నిలబడిపోయి ఉన్నాయి.

"ఎప్పట్లాగే రాసేస్తున్నా," అన్నాడు లుబెన్ రేడియోలో. "తలుపు."

ఆమె మీట నొక్కి కొత్త తలుపు వైపు చూసింది. అది చప్పుడు లేకుండా వచ్చి మూసుకుంది.

"తలుపు బాగానే ఉంది లుబెన్. మూత్రానికి వెళ్లిందని రాయి."

"అక్కా, పర్మిషన్ లేకుండా బండి వదిలావని బోనసు కోసేస్తారు. పైగా లైనంతా వింటోంది."

"వినాలనే చెబుతున్నా."

వెనక బండి డ్రైవరు మలినా గొంతు రేడియోలో వినిపించింది.

"లుబెన్, ఎలాగూ ఆగాం గదా, నేనూ వెళ్లొస్తా. నాక్కూడా అదే రాసుకో. రుమ్యానా, నువ్వెక్కడికెళ్లావో చెప్పు."

"చెప్పులకొట్టు పక్క గుమ్మం. పిల్లి ఉంటుంది, చూసుకో."

"అక్షరాలా అదే రాయనా?" అని లుబెన్ నీరసంగా అడిగాడు.

"అక్షరాలా."

నడుము నొప్పి మాత్రం అలాగే ఉంది. రుమ్యానా సీసాలో మిగిలిన నీళ్లన్నీ తాగేసి, పిడిని బిగించి, బండిని కదిలించింది.