బిస్కెట్ అచ్చుల రింగు

సౌదీ అరేబియాలో జుబైల్ ఊళ్ళోని ఆ ప్రైవేటు ఆసుపత్రి నర్సుల హాస్టల్లో మూడో అంతస్తు అంతా మన తెలుగు పిల్లలే. అక్కడ క్రిస్మస్ ఎలా జరగాలో రత్నమణే చెప్పాలి. తెనాలి నుంచి వచ్చి పదకొండేళ్ళయింది. తర్వాత వచ్చినవాళ్ళు ఎందరో వెళ్ళిపోయారు, ఆమె మాత్రం పాతుకుపోయింది. డిసెంబరు రాగానే ఆపరేషన్ థియేటర్లో పారేసే పాత ఆకుపచ్చ గౌన్లు అడిగి తెచ్చుకునేది. హ్యాంగరు తీగను గుండ్రంగా వంచి, ఆ గౌన్లను పీలికలుగా చింపి, తీగ చుట్టూ వరసగా ముడులు వేసేది. కట్లు కట్టే గుడ్డను ఎర్రమందులో ముంచి రిబ్బను చేసేది. ఎండాక అది ఎరుపూ కాదు, నారింజా కాదు, అచ్చం పుండు మీద కట్టులాగే ఉండేది. అయినా గదికొక రింగు ఆమె చేతి మీదుగా వెళ్ళాల్సిందే, పుచ్చుకున్నవాళ్ళు బాగుందని అనాల్సిందే.

ఆ రింగును తలుపుకి లోపలివైపు కట్టాలి. ఆ దేశంలో వేరే మతం పండగలు బయట చెయ్యనివ్వరు కాబట్టి, పండగ గదిలోనే ఉండాలి గానీ కారిడార్‌లోకి రాకూడదు. పాటలు కూడా కిటికీలు మూసి, గొంతు దించి పాడుకోవాలి. హాస్టల్ చూసే సూడానీ ఆవిడను అందరూ ముదీరా అనేవారు, అరబ్బీలో మేనేజరమ్మ అని. లోపల ఏం చేసుకున్నా ఆవిడ చూడనట్టే ఉండేది. బయట ఏదైనా కనపడితే మాత్రం తన ఉద్యోగమే పోతుందని ఆవిడ భయం.

రెండువేల ఏడు సెప్టెంబరు చివర్లో జాయ్సీ వచ్చింది. నర్సాపురం వైపు పిల్ల, ఇరవై మూడేళ్ళు. ఆమె మూడు నెలల ప్రొబేషన్ డిసెంబరు ముప్పై ఒకటితో అయిపోతుంది. అది గట్టెక్కితే రెండేళ్ళ కాంట్రాక్టు, లేకపోతే పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపేస్తారు. పిల్ల రోజూ క్యాలెండర్లో ఒక గడి కొట్టేసి, మిగిలినవి లెక్కపెట్టుకుని గానీ పడుకునేది కాదు.

ఆ జాయ్సీ ఒకరోజు బజారు నుంచి బిస్కెట్ అచ్చులు తెచ్చింది. క్రిస్మస్ సామాను ఆ ఊళ్ళో ఎక్కడా దొరకదు గానీ బిస్కెట్ అచ్చులకేం, అవి వంటసామాను. చుక్క, గంట, చెట్టు, గొర్రెపిల్ల. తన ఎర్ర చున్నీ చింపి, వాటిని రింగుకి వేలాడగట్టింది. ట్యూబులైటు వెలుగులో రేకు తళతళలాడింది, తలుపు తీస్తే గలగలమంది. ఇంకేముంది, శుక్రవారం మధ్యాహ్నం నర్సులందరూ ఆ పిల్ల గదిలోనే చేరారు. రత్నమణితో ఒకే గదిలో ఉండే షాలిని కూడా పాత రింగు తీసేసి, జాయ్సీ చేసినది కట్టింది.

"పాతదాన్ని చూసి, వాడి పారేసిన కట్టనుకుని క్లీనింగోళ్ళు పట్టుకుపోతారక్కా!" అంది షాలిని. అందరూ పగలబడి నవ్వారు. రత్నమణి కూడా నవ్వింది. ఆమె అలా నవ్వితే జాగ్రత్తపడాలని పాతవాళ్ళకి తెలుసు.

జాయ్సీ మాత్రం ఆమె పక్కన చతికిలబడి, "ముడులెయ్యడం అక్క నేర్పిందేనండి. అది రాకపోతే నేనేం చేసేదాన్ని?" అంది. ఆ మాటతో రత్నమణికి ఇంకా మండింది. పొగడ్తలో కూడా పిల్ల తనకన్నా పెద్దదైపోయినట్టు తోచింది.

ఇరవై నాలుగు సాయంత్రం జాయ్సీ రత్నమణి గదికి వచ్చింది. వచ్చినప్పటి నుంచీ ఆమెకి నైట్ డ్యూటీలే. ఆ వారమే మొదటిసారి పగటి డ్యూటీ పడింది. "రేపు పొద్దున్న పండగ పద్ధతేదైనా ఉందాండి అక్కా?" అని అడిగింది.

"ఉందమ్మా," అంది రత్నమణి, బట్టలు మడతపెడుతూ. "పండగ పొద్దున్న మటుకు రింగు తలుపు బయటేపు కడతాం. ఏడాదికి ఒక్కరోజు. ఐదింటికి కట్టి, డ్యూటీ బస్సెక్కే ముందు తీసేస్తాం."

"ముదీరా గారు చూత్తే ఎలాగండి?"

"మోకాళ్ళ నొప్పులావిడకి. మన అంతస్తుకి ఎక్కనే ఎక్కదు."

నిజానికి ముదీరా రోజూ పొద్దున్న ఐదున్నరకి మూడు అంతస్తులూ తిరిగి వెళ్తుంది. నైట్ డ్యూటీ పిల్లకి ఆ సంగతి తెలిసే దారి లేదు. పక్క మంచం మీదున్న షాలిని అంతా విని, గోడవైపు తిరిగి పడుకుంది. ముదీరా నాలుగు తిట్లు తిడుతుంది, పిల్ల ఏడుస్తుంది, ఆ తళుకు కాస్త దిగుతుంది, అంతకన్నా ఏముంది అనుకుంది రత్నమణి. ప్రొబేషన్ సంగతి గుర్తు రాలేదా అంటే వచ్చింది. వచ్చినదాన్ని పక్కకి నెట్టేసి, ప్రార్థన చేసుకుని పడుకుంది.

పొద్దున్నే ముదీరా కేకలు వినపడ్డాయి. రత్నమణి దుప్పట్లో హాయిగా ఒళ్ళు విరుచుకుంది. అంతలో దబదబా బాదిన చప్పుడు వచ్చింది. బాదుతున్నది తన తలుపునే.

తీసి చూస్తే బయటివైపు ఇంత పెద్ద రింగు. మంచి అచ్చులన్నీ దానికే కట్టింది పిల్ల. మధ్యలో చీటీ: "రత్నమణి అక్కకి, మొదటి బహుమతి మీకే." ముదీరాకి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది. రత్నమణి చీటీ లాగి గుప్పిట్లో నలిపేసింది. కారిడార్ చివర జాయ్సీ రెండో రింగు చేత్తో పట్టుకుని, తన తలుపు ముందే నిలబడిపోయింది.

"పదకొండేళ్ళ నుంచి ఉన్నావు, నీకు బుద్ధి లేదా?" అని ముదీరా తనకొచ్చిన ముక్కల హిందీలో అరిచింది.

తన ఉద్యోగమే పోయేలా ఉందని రత్నమణికి అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నాకేం తెలీదు మేడమ్, నిద్రపోతున్నా. అదిగో, ఆ అమ్మాయి పని. లోపలే కట్టమని ఎన్నిసార్లు చెప్పానో," అంది హిందీలోనే.

ముదీరా జాయ్సీ వైపు తిరిగింది. "బయట కట్టమని నీకెవరు చెప్పారు?"

జాయ్సీ రత్నమణి ముఖంలోకి చూసింది. తల దువ్వుకుంటున్న షాలిని చెయ్యి ఆగిపోయింది. తర్వాత ఆమె తల వంచుకుని మళ్ళీ దువ్వుకోసాగింది.

"ఎవరూ చెప్పలేదు మేడమ్," అంది జాయ్సీ. "మా ఊళ్ళో బయటే కడతాం."

ముదీరా రింగును పీకి నేలకేసి కొట్టింది. అచ్చులు కారిడార్ పొడుగునా దొర్లాయి. ఆ మధ్యాహ్నమే రిపోర్టు ఆఫీసుకి వెళ్ళింది. ప్రొబేషన్లో ఉన్న పిల్లకి విచారణ ఎందుకు? ఆరు రోజులుంటే గట్టెక్కేదానికి మూడో రోజునే ఎగ్జిట్ కొట్టి ఇచ్చారు.

దమ్మామ్ ఎయిర్‌పోర్టుకి వ్యాను వచ్చినప్పుడు సాగనంపడానికి రత్నమణి ఒక్కతే దిగింది. మిగతావాళ్ళకి మొహం చెల్లలేదు. ఆమెకి చెల్లింది.

జాయ్సీ పెట్టె కింద పెట్టి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నన్ను క్షమించండక్కా. నావల్ల మీకు ఎంత మాటొచ్చిందో. నా తలుపుకి కట్టుకున్నా పోయేది, మిమ్మల్ని ఇరికిచ్చేశానండి. ఆవిడ ఆ రోజే పైకెక్కుద్దని పాపం మీకు మాత్రం ఏం తెలుసు? మీ పేరు చెప్పలేదండి, చచ్చినా చెప్పను."

రత్నమణి పిల్ల తల నిమిరింది. "పోన్లేవే. నేనేం మనసులో పెట్టుకోలేదు," అంది.

జాయ్సీ కళ్ళు తుడుచుకుంది. గుండెల మీది బరువు దిగినట్టు, మూడు రోజుల్లో మొదటిసారి నవ్వి వ్యానెక్కింది. మెట్లెక్కి గదికి వెళ్తుంటే రత్నమణికి కూడా తాను నిజంగానే క్షమించినట్టు అనిపించింది.