చిత్స్కేకి రెండో మనిషి

ప్రపంచంలో పెద్ద పాముల సంగతి పూర్తిగా తెలిసినవాళ్ళు ముగ్గురే అని సీబ్రెన్ లెక్క. అందులో ఒకడు తను, మిగిలిన ఇద్దరూ బహుశా పోయి ఉంటారు. నాలుగు మీటర్ల కొండచిలువని నాలుగేళ్ళు పెంచాననీ, తను పిలిస్తే చాలు అది తల ఎత్తి చూసేదనీ తన పెంపుడు పాముల్ని ఇచ్చెయ్యాలనుకుంటున్న హిల్త్యేకి ఫోన్లో చెప్పాడు.

అతను ఉండే ఊరి పేరు స్నేక్. పేరుకే స్నేక్, అక్కడ ఉన్నవన్నీ పడవలు. రైల్లో "తరవాతి స్టేషన్ స్నేక్" అని వినబడగానే ఇంగ్లీషు టూరిస్టులందరూ కాళ్ళు ఎత్తి సీటు మీద పెట్టుకుంటారని సీబ్రెన్ చెబుతుంటాడు. అలాంటి పేరున్న ఊళ్ళో ఒక్క పెద్ద పామైనా లేకపోవడం ఊరి మొత్తానికే అవమానమని అతని బాధ. సైకిళ్ళు బాగుచేసే పని అయ్యాక రోజూ సాయంత్రం కూర్చుని ఆరు నెలల్లో రెండున్నర మీటర్ల అద్దాల పెట్టె సొంతంగా కట్టాడు. హీటరు బిగించాడు, ఎక్కడానికి కొమ్మ పెట్టాడు, నీళ్ళ తొట్టి పెట్టాడు. లోపల పాము తప్ప అన్నీ ఉన్నాయి.

హిల్త్యే ముప్ఫై ఏళ్ళు కాలువ మీద వంతెన ఎత్తే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. వచ్చే పడవ తెరచాప కొయ్య వంతెన కిందుగా పోతుందో పోదో అర కిలోమీటరు దూరం నుంచే చెప్పేది. ఆ ఆదివారం పాము కోసం తన ఇంటి గేటు దగ్గరికి వచ్చిన సీబ్రెన్‌ని కూడా అలాగే కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది. ఆ నాలుగు మీటర్ల పాము పెంట వేస్తే దేంతో ఎత్తేవాడివని అడిగింది.

టిష్యూ కాగితంతో అన్నాడు సీబ్రెన్.

"నాలుగు మీటర్ల పాము వేసేది టిష్యూతో రాదు నాయనా. దానికి పార, బకెట్ కావాలి. పైగా పిలిస్తే పలకడానికి పాముకి చెవులేవి? చెప్పు, ఎంత పొడుగు?"

సీబ్రెన్ రెండు చేతులూ చాపి చూపించాడు. ఆమె అలాగే చూస్తూ ఉంటే ఆ చేతులు వాటంతట అవే దగ్గరికి వచ్చాయి. చివరికి అవి ఆగిన చోట మొక్కజొన్న పామనే చిన్నరకం పెంపుడు పాము పట్టేంత ఖాళీ మాత్రమే మిగిలింది. మీటరు. దాని లావు సైకిల్ ట్యూబంత. అది కూడా గాలి తీసేసిన ట్యూబు.

హిల్త్యేకి కోపమేమీ రాలేదు. పాముల్లా పొడుగ్గా ఉండే ఈలు చేపలు పట్టేవాడూ పాములు పెంచేవాడూ పొడుగు దగ్గర అబద్ధమాడతారు, అది పన్నులాంటిది, తప్పదు అంది. ఒక్కటి మాత్రం తను క్షమించదట. రెండున్నర మీటర్లు దాటిన పాము పెట్టెని ఒక్కరే తెరవకూడదు. పక్కన రెండో మనిషి ఉండాలి. పన్నెండేళ్ళుగా ఆ రెండో మనిషి ఆమె తమ్ముడు వొబ్బె. అతనికి తుంటి ఎముక ఆపరేషన్ అయ్యాక బరువు పట్టుకోవడం కుదరటం లేదు. అందుకే, ఇష్టం లేకపోయినా, పాముల్ని ఇచ్చేస్తోంది. "పాము గురించి ఎన్ని కోతలైనా కోసుకో. రెండో మనిషి గురించి అబద్ధం చెప్పావో, గేటు అటుంది."

సీబ్రెన్ వెనక్కి తిరిగి చూశాడు. అతనితో ఒకే ఇంట్లో ఉండే యెల్మెర్ బేకరీ వ్యాన్‌ని జాగ్రత్తగా పార్క్ చేస్తున్నాడు. రెండు మీటర్ల మనిషి. "అడుగో, రెండో మనిషి. పాములంటే ప్రాణం పెడతాడు. కాకపోతే వాటి ఎదట మాట్లాడడు, గౌరవం," అన్నాడు సీబ్రెన్.

యెల్మెర్ ఒకసారి పక్కింటివాళ్ళ తోటలో నీళ్ళ గొట్టం కదిలితే కంచె దూకి మడమ బెణికించుకున్నాడు. అది గొట్టమేనని తేలినా సరే, ఇప్పటికీ ఆ కంచె వైపు వెళ్ళడు. ఈ రోజు మాత్రం హుషారుగా ఉన్నాడు. ఎందుకంటే ఒక పెద్దావిడ పిండి కలిపే పాత మెషీన్ ఇచ్చేస్తోందనీ, మొయ్యడానికి సాయం కావాలనీ సీబ్రెన్ చెప్పాడు.

హిల్త్యే కాఫీ పోసి తలా ఒక బిస్కెట్ ఇచ్చి డబ్బా మూత పెట్టేసింది. సీబ్రెన్ నోరు తెరిచేలోపే యెల్మెర్ ఎన్ని కిలోలు ఉంటుందని అడిగాడు. పద్నాలుగు అంది ఆమె. చిన్నదే అనుకున్నాడతను. చప్పుడు చేస్తుందా అన్నాడు. పన్నెండేళ్ళలో రెండే సార్లు బుస్సుమంది, అది కూడా వొబ్బె చేతులు చల్లగా ఉండబట్టి అంది. యెల్మెర్ తలూపాడు; చల్లగా ఉంటే అతని బేకరీలో మెషీన్ కూడా అంతే చేస్తుంది. శుభ్రం చెయ్యడం కష్టమా అని కూడా అడిగాడు. అప్పుడు హిల్త్యే డబ్బా మూత మళ్ళీ తీసి అతనికి ఇంకో బిస్కెట్ ఇచ్చింది. ఆ ఇంట్లో రెండో బిస్కెట్ అంతకు ముందు ఎవరికీ దక్కినట్టు దాఖలాలు లేవు.

"అందరూ ఎంత పొడుగు అనే అడుగుతారు. శుభ్రం సంగతి అడిగినవాణ్ణి నిన్నే చూశాను బాబూ," అంది.

సీబ్రెన్ తన కాఫీలోకి చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

లోపలికి వెళ్ళే ముందు అందరూ చేతులు కడుక్కోవాలి. దారిలో సీబ్రెన్ పొగబెట్టిన ఈలు చేప తిన్నాడు, ఆ వాసనకి పాము అతని వేళ్ళని పొరపాటున చేపల కింద జమకడుతుందని ఆమె, యెల్మెర్ కడుక్కుని ముందుకి వెళ్ళాక, అతని చేత మోచేతుల దాకా రెండుసార్లు కడిగించింది. పాము గది తలుపు తెరుచుకోగానే యెల్మెర్ ఒక అడుగు వేశాడు, పెట్టెల్లో ఉన్నవి చూశాడు, గోడకి ఆనుకున్నాడు. అక్కడి నుంచి అతను ఆ గోడలో భాగమైపోయాడు. సున్నం వెయ్యడమే తక్కువ.

మొదటి పెట్టెలో వలలాంటి పసుపు గీతల కొండచిలువ. అంత అందం చూసి సీబ్రెన్‌కి మాట పడిపోయింది, అది అతని విషయంలో చెప్పుకోదగ్గ సంగతి. ఇదే, ఇదే కావాలి అనుకుంటూ అద్దం మీద చెయ్యి పెట్టాడు. అంతలో లోపల నుంచి తల వచ్చి అద్దానికి తగిలింది. ఎప్పుడు బయల్దేరిందో కూడా కనపడలేదు. అది నీ తరవాతి పాము తరవాత పెంచాల్సిన పాము అంది హిల్త్యే. పామును కంటితో ఎంచుకునేవాడు రెండో నెల్లో దానికి వేరే ఇల్లు వెతుకుతాడని, చేతులతో ఎంచుకోమని రెండో పెట్టె తెరిచింది.

అందులో చిత్స్కే. బోవా, కొండచిలువ లాంటి విషం లేని పాము. రెండు మీటర్ల డెబ్భై. హిల్త్యే ఒక కొక్కెంతో దాని వీపు మీద మెల్లిగా రెండుసార్లు తట్టింది. ఇది తిండి వేళ కాదు అని చెప్పడం అన్నమాట; తలుపు తట్టి లోపలికి వెళ్ళడం లాంటిది. చిత్స్కే నాలుక ఆడించి, ఆలోచించి, సరే అన్నట్టు తల దించింది. ఆమె సీబ్రెన్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, దాన్ని రెండు చేతుల మీదా ఎత్తి అతని భుజాల మీద వేసింది.

సీబ్రెన్ చెప్పబోయిన అబద్ధాలన్నీ ఆ బరువు కింద ఆగిపోయాయి. చర్మం చల్లగా లేదు, జారుడుగా లేదు. కిటికీలోంచి ఎండ పడినప్పుడల్లా గోధుమరంగు పొలుసుల మీద ఊదా, ఆకుపచ్చ రంగులు లేచి మాయమవుతున్నాయి. తోక దగ్గర ఇటుక ఎరుపు. లోపల వంద కండరాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటూ కదులుతున్నాయి, ఏ ఒక్కటీ తొందరపడటం లేదు. ఇంత బలమున్నది ఇంత మర్యాదగా ఉండటం అతనెక్కడా చూడలేదు. పసుపు గీతల పాము సంగతి అతనికి మళ్ళీ గుర్తు రాలేదు.

ఆ మర్యాదతోనే చిత్స్కే అతని మెడ చుట్టూ ఒక చుట్టు, కుర్చీ వీపుకి ఒక చుట్టు వేసుకుంది. పడిపోకుండా పట్టు కోసమంతే. సీబ్రెన్‌కి మాత్రం కాలర్ బిగుతైంది. అతను హిల్త్యే వైపు చూశాడు. ఆమె అతని గొంతుకీ పాముకీ మధ్య వేలు దూరే సందు ఉందని చూసి, చేతులు కట్టుకుంది.

"ఇప్పుడు రెండో మనిషి విప్పుతాడు," అంది.

దాని తల పట్టుకుని లాగమన్నాడు సీబ్రెన్. హిల్త్యే గోడ మీది కాగితం చూపించింది. తోక నుంచి మొదలుపెట్టాలి, లాగకూడదు, ఏం చేస్తున్నారో ఒకరికొకరు చెప్పుకోవాలి అని ఆమె చేతిరాతలో ఉంది. యెల్మెర్ అది రెండుసార్లు చదివాడు. మొహం మైదాపిండిలా ఉంది. తరవాత గోడ నుంచి ఊడి వచ్చి, కళ్ళు సగం మూసుకుని తోక పట్టుకున్నాడు.

పట్టుకోగానే అతని చేతులకి ఏదో తెలిసిపోయింది. పదేళ్ళుగా తెల్లారకముందే లేచి మెలిపెట్టిన పిండి జడలు అల్లే చేతులవి. తెగకుండా, బిగించకుండా విప్పడం వాటికి కొత్త కాదు. "తోక వదిలింది. రెండో చుట్టు తీస్తున్నా. నువ్వు ఊపిరి పీల్చు," అని చెబుతూ విప్పాడు. చిత్స్కే మెల్లిగా అతని ముంజేతి మీదికి ప్రవహించి, మోచేతి మడతలో తల పెట్టుకుని పడుకుంది. యెల్మెర్ కళ్ళు పూర్తిగా తెరిచాడు.

"ఎంత బాగుందిరా ఇది," అన్నాడు చాలా నెమ్మదిగా.

హిల్త్యే ముక్కు తుడుచుకుంది. రెండో మనిషి దొరికాడనీ, ఇక మొదటి మనిషి సంగతే తేలాలనీ అంది. పామును పెట్టెలో పెట్టాక యెల్మెర్ చేతులు కడుక్కుని, తుడుచుకుని, టవల్ మడతపెట్టి మేకుకి తగిలించాడు.

"అవునమ్మా, పిండి మెషీన్ ఎక్కడ?"

"ఏ మెషీన్?"

ఇద్దరూ కలిసి సీబ్రెన్ వైపు తిరిగారు. సీబ్రెన్ గోడ వైపు చూశాడు, కానీ అక్కడ ఇందాక యెల్మెర్ నిలబడిన జాగా తప్ప ఏమీ లేదు.

హిల్త్యే గేటు వైపు వేలు ఎత్తి, మళ్ళీ దించింది. అబద్ధం రెండో మనిషికి చెప్పావు కాబట్టి తీర్పు కూడా రెండో మనిషిదే అంది. యెల్మెర్ వెనక్కి తిరిగి చిత్స్కే పెట్టె వైపు చూశాడు. తను ఆదివారాలు వచ్చి నేర్చుకుంటాననీ, ఆ పాము తమ ఇంటికి వస్తే తనకేమీ అభ్యంతరం లేదనీ చెప్పాడు.

"కానీ ముందు వీడు చెప్పాలి. నన్నెందుకు తెచ్చావురా? నిజం. కోతలు లేకుండా."

సీబ్రెన్ నోటికి మూడు కథలు వచ్చాయి, మూడూ బాగున్నాయి. మింగేశాడు.

"పామంటే నువ్వు రావుగా. నువ్వు లేకపోతే నేను ఆ పెట్టె తెరవలేను," అన్నాడు. "నాకు భయంరా. ఆ మొక్కజొన్న పామన్నా భయమే, దానికి మా అక్కే తిండి పెట్టేది. ఇది మెడ మీదికి వచ్చినప్పుడు కాళ్ళున్నాయో లేవో తెలియలేదు. నీ చేతులు కనపడ్డాకే అది ఎంత బాగుందో చూడగలిగాను."