వణకని చుక్కలు

నాలుగు చుక్కలు కొట్టబోతే మూడే పడ్డాయి. మొదటిది గట్టిగా, రెండోది కాస్త తగ్గి, మూడోది వినీ వినపడకుండా. నాలుగోదానికి వేలు రేడియో కీ మీదే ఆగిపోయింది. నొక్కమని నేను చెబుతూనే ఉన్నాను, అది నా మాట వినలేదు.

అవతల బోధన్‌లో మా అన్న మధుకర్ చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని నా మాట కోసం చూస్తున్నాడు. తన కీ మీద చుక్కల్లోనే అడిగాడు.

"ఏమైంది చెల్లె, నడుమల ఆగినవు?"

"పాలు పొంగినయ్ అన్న. రేపు మాట్లాడుత."

ఆ నాలుగు మాటలు కొట్టేసరికి నాకు చెమటలు పట్టాయి. రేడియో ఆపేసి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూశాను. బొటనవేలు దానంతటదే సన్నగా కదులుతోంది. పొయ్యి మీద పాలు లేవు. అసలు ఆ పూట పాలే రాలేదు.

మా ఇద్దరికీ హామ్ రేడియో లైసెన్సులున్నాయి. నేను నిజామాబాద్‌లో బడిలో లెక్కలు చెబుతాను. అన్న చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక బోధన్‌లో మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం పెట్టుకున్నాడు. రోజూ పొద్దున చాయ్ వేళకు మోర్స్ కోడ్‌లో, అంటే చుక్కలూ గీతలతో, మాట్లాడుకుంటాం. ఇంగ్లీషు అక్షరాల్లో మన తెలుగే కొట్టుకుంటాం. అరచేతిలో ఫోన్ పెట్టుకుని ఈ టకటకలేంటని అడిగేవాళ్ళకు జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను. డాబా మీద మా ఏరియల్ తీగ చూసి పక్కింటి భీమవ్వ రెండు చీరలు ఆరేసిపోయింది. ఆమే నయం, దానికో ఉపయోగం కనిపెట్టింది.

ఈ విద్య మాకు మా నాన్న, బాపు, పెట్టిన భిక్ష. బాపు పోస్టాఫీసులో తార్లు, అంటే టెలిగ్రాములు, కొట్టేవాడు. ఆయన చెయ్యి ఎంత ఒడుపుగా ఉండేదంటే, అవతలి ఊరి తార్ మాస్టర్లు పేరు చెప్పకుండానే రాజమల్లు కొడుతున్నాడని పట్టేసేవాళ్ళట. కీ మీద ప్రతి మనిషి చెయ్యీ వేరు. నడకను బట్టి మనిషిని గుర్తుపట్టినట్టు, చుక్కలను బట్టి గుర్తుపట్టవచ్చు.

ఆ చేతికే వణుకుడు రోగం వచ్చింది. హైదరాబాద్‌లో డాక్టర్ బాపును ఎదురుగా కూర్చోబెట్టి, చూపుడువేలిని బొటనవేలికి తాకిస్తూ గబగబా కొట్టమన్నాడు. బాపు నవ్వాడు. జన్మంతా చేసిన పని అదే కదా. మొదలుపెట్టాడు. మొదటిది గట్టిగా, రెండోది కాస్త తగ్గి, మూడోది ఇంకా చిన్నగా, ఆ తర్వాత వేలు గాలిలో ఆగిపోయింది. డాక్టర్ మందులచీటీ వైపు తిరిగాడు. బాపు మాత్రం ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు.

కాబట్టి నాకు ఏ డాక్టరూ చెప్పక్కర్లేదు. ఆ పరీక్ష నేను రోజూ పొద్దున, అన్న వింటుండగా రాస్తున్నాను.

రోగం అంటే భయం లేదని చెప్పను. ఉంది, చాలా ఉంది. బాపు చివరికి ముద్ద మింగలేకపోయాడు, మంచం మీద పక్కకు ఒత్తిగిలలేకపోయాడు. కళ్ళు మాత్రం అన్నీ చూసేవి. కానీ అంతకంటే పెద్ద భయం అన్న గురించి. ఏళ్ళ తరబడి బాపును ఎత్తి దించింది, కడిగింది, తినిపించింది అన్నే. నేను పెళ్ళి చేసుకుని నిజామాబాద్‌లో కూర్చుని పండ్లు పట్టుకుని వెళ్ళొచ్చేదాన్ని. బాపు దినాలనాడు అన్న నాతో ఒకే మాట అన్నాడు.

"ఇంకొకల్లను గిట్ల సూడాల్నంటె నాతోని గాదు చెల్లె. నేను సచ్చిపోత."

అన్న ఊరికే మాటలనే మనిషి కాదు. ఆ ఇంకొకళ్ళు నేనే అని ఆయనకు తెలియకూడదు. తెలిసే దారి ఒక్కటే ఉంది, నా కీ.

నా కీ బాపు వాడిన రకమే, పాత పద్ధతిది. ఒకటే ఇత్తడి మీట. ఎన్నిసార్లు నొక్కితే అన్ని చుక్కలు, కాస్త ఎక్కువసేపు నొక్కిపడితే గీత. అంతా చేతి పనే, ఏదీ దాగదు. ఎలక్ట్రానిక్ కీ వేరు. దానికి రెండు రేకులుంటాయి. బొటనవేలితో ఒకటి తాకి పట్టుకుంటే చుక్కలు, చూపుడువేలితో రెండోది పట్టుకుంటే గీతలు, వదిలేదాకా వాటంతటవే వస్తాయి. అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే తీరు.

పోయిన చలికాలం అన్న అలాంటిది కొన్నాడు. మణికట్టు నొప్పి అన్నాడు. నేను ఊరుకుంటానా. "నీ చెయ్యి యాడ వోయింది అన్న, కొరియర్ల పంపినవా?" అని కొట్టాను. బాపు ఉంటే నిన్ను ఇంట్లోంచి వెళ్ళగొట్టేవాడన్నాను. మిషన్ మధుకర్ అని పేరు కూడా పెట్టాను. అన్న ఒక్కదానికీ బదులివ్వలేదు. నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఇప్పుడు నేను ఆ మిషన్ కోసమే దొంగలా ఆన్‌లైన్‌లో వెతుకుతున్నాను.

అది వచ్చేదాకా అన్నతో మాట్లాడలేదు. పరీక్ష పేపర్లు దిద్దాలని ఫోన్‌లో మెసేజ్ పెట్టాను. ఆ రోజుల్లో బోర్డు మీద రాస్తుంటే నా అంకెలు పోను పోను చిన్నవైపోవడం కనిపించింది. వెనక బెంచీ పిల్లలు కనబడట్లేదని గొడవ చేశారు. కళ్ళద్దాలు పెట్టుకోండని కసిరాను. ఇంట్లో మా ఆయన మహేష్ ఎదురుగా చాయ్ గ్లాసు ఎడమచేత్తో పట్టుకున్నాను. పసుపు మార్కెట్ ధరల గురించి చెబుతూ ఆయన గమనించలేదు. గమనించనందుకు బతికిపోయాను అనుకున్నాను, గమనించనందుకే ఏడుపూ వచ్చింది.

కొత్త కీ వచ్చింది. రేడియోను ప్రసారంలో పెట్టకుండా ముందు ఉత్తగా కొట్టి చూశాను. బొటనవేలు రేకును తాకగానే నాలుగు చుక్కలు పడ్డాయి, నాలుగూ ఒకే సైజు. మళ్ళీ కొట్టాను, మళ్ళీ నాలుగు. నా చెయ్యి నాకు తిరిగొచ్చినంత సంబరమైంది. ఆ సంబరంలోనే వెన్నులో చలి పుట్టింది. లోపల కుళ్ళిన పండుకు పైన మైనం పూసి మెరిపించినట్టుంది నా పని.

మర్నాడు అన్నను పిలిచాను. మొదటి వాక్యం అవగానే అవతల నిశ్శబ్దం. అన్న పట్టేశాడనుకున్నాను.

"నువ్వు గూడ మిషన్ కొన్నవా?" అని వచ్చింది.

"పేపర్లు దిద్ది దిద్ది చెయ్యి గుంజుతుంది అన్న."

మళ్ళీ ఆలస్యం. "మంచిగ చేసినవ్. మంచిగున్నది నీ చెయ్యి."

అంతే. చెరుకు సంగతి, కోటగిరి కాలువకు నీళ్ళు వదలడం, అవీ ఇవీ చెప్పి ముగించాడు. తేలు కుట్టిన దొంగలా నేను కూర్చున్నాను. ఎందుకంటే అన్న నన్ను వెక్కిరించలేదు. చలికాలమంతా నేనన్న మాటలన్నీ వడ్డీతో తిరిగి అప్పజెప్పే సందు దొరికింది కదా. ఎంత నెమ్మది మనిషైనా ఒక్క మాట అనకుండా ఉంటాడా? నా గుట్టు తెలిసిపోయి ఊరుకున్నాడేమోనని ఆ రోజంతా బడిలో చెప్పిన లెక్కే మళ్ళీ మళ్ళీ చెప్పాను.

ఆ సాయంత్రం నా ప్రసారాన్ని నేనే పరీక్షించుకుందామని ఫోన్‌లో రికార్డు చేశాను. కళ్ళు మూసుకుని, అన్న చెవులతో విన్నట్టు విన్నాను. చుక్కలు బాగున్నాయి. గీతలు బాగున్నాయి. బాగాలేనిది మధ్యలో ఉంది. మాటకూ మాటకూ మధ్య ఖాళీలు పొడుగ్గా, ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. చుక్కనూ గీతనూ మిషన్ చేస్తుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో మాత్రం మనిషి చెయ్యే చెప్పాలి. నా చెయ్యి మొదలుపెట్టడానికి తటపటాయిస్తోంది, గడప ముందు బాపు కాలు తటపటాయించినట్టు.

ఆ ఖాళీలు నేను ఇంతకుముందు విన్నాను.

చలికాలం నుంచీ రోజూ పొద్దున వింటున్నాను. అన్న చాయ్ తాగుతూ కొడుతున్నాడనుకున్నాను. కొత్త మిషన్ అలవాటు కాలేదనుకున్నాను. తర్వాత దానికీ అలవాటుపడి వినడం మానేశాను.

వెంటనే వదిన వినీతకు ఫోన్ చేశాను. అటూ ఇటూ మాట్లాడి, అన్న దుకాణం ఎలా నడుస్తోందని అడిగాను.

"వైండింగ్ పనంత ఇప్పుడు దుకాణంల పనిజేసె భోజన్ననే చేస్తుండు" అంది. "మీ అన్నకు సూపు ఆనుతలేదంట, సన్న తీగ పట్టుకుంట లేడు. భుజం గూడ లేస్తలేదు. అంగీ గుండీలు నేనే పెడ్తున్న. దవాఖానకు పోదమంటె మీదికి లేస్తడు. నువ్వన్న జర చెప్పు గోదావరి, నీ మాటైతె ఇంటడు."

సరే వదినా అన్నాను. ఫోన్ పెట్టేశాక నేల మీదే కూర్చుండిపోయాను. నా రోగం తెలిసినప్పుడు కూడా ఇంత భయపడలేదు. ఇంకొకళ్ళను అలా చూడలేనన్న మనిషి, చూసుకోవాల్సింది తననే అని తెలిసి, చలికాలం నుంచీ ఒక్కడే ఎలా ఉన్నాడు? పొద్దున లేచి తన వేళ్ళను తాను ఎలా చూసుకుంటున్నాడు? పైగా నా వెక్కిరింపులు. నా మీదున్న ప్రేమతోనే నా దగ్గర దాచాడు. నేనూ అదే చేశాను. మేమిద్దరం ఇలాగే, తప్పులేని చుక్కలు ఒకరికొకరు పంపుకుంటూ, ఎవరి మంచం వాళ్ళు ఒంటరిగా ఎక్కుతాం కాబోలు.

బస్సెక్కి బోధన్ వెళ్ళొచ్చు. వెళితే అన్న చేతులు చూడాలి. ఆ ధైర్యం నాకు లేదు, ఉందని అబద్ధం చెప్పను. ఫోన్‌లో అడిగితే భుజం నొప్పి అంటాడు, నేను పేపర్లు దిద్దానంటాను. అన్న నోరు తెరవాలంటే ముందు నా చెయ్యి ఆయనకు వినపడాలి. మిషన్‌తో కొడితే వినపడదు. ఇత్తడి మీటతో కొడితే మొదటి మాటకే ఆయనకు బాపు వినిపిస్తాడు. నేను సచ్చిపోత అన్న ఆ మాట నా చెవుల్లో తిరుగుతూనే ఉంది. చెప్పి ఆయన్ను చంపుతానా, చెప్పక ఒంటరిగా వదిలేస్తానా? తెల్లవార్లూ ఆలోచించినా తేలలేదు. పొద్దున రేడియో ముందు కూర్చున్నాక కూడా తేలలేదు. అన్న పిలుపు వచ్చింది, శుభ్రంగా, మధ్యలో ఆ ఖాళీలతో. ఖాళీ వినగానే నా చెయ్యి ఇత్తడి మీట మీదికి పోయింది.

"అన్న, నాకు బాపు రోగం వచ్చింది."

కొట్టాననే అంటున్నాను గానీ, అవతల ఏం పడిందో దేవుడికే తెలియాలి. చుక్కల్లో సగం పడనే లేదు, గీతలు ముక్కలయ్యాయి. బాపు అన్న మాట దగ్గర చెయ్యి రెండుసార్లు మొరాయించింది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని పూర్తి చేశాను.

హెడ్‌ఫోన్‌లో గాలి హోరు తప్ప ఏమీ లేదు. వదినకు ఫోన్ చేద్దామా, ఆయన పడిపోయాడేమో చూడమందామా అనుకున్నాను. ఫోన్ ఎక్కడ పెట్టానో కూడా తోచలేదు.

అప్పుడు వచ్చింది.

"సమజైంది. మల్ల చెప్పకు. నాకు గూడ వచ్చింది చెల్లె. చలికాలం సంది. మీ వదినకు తెల్వదు."

ఒక్క చుక్క వణకలేదు. ఇంత మాటను అచ్చుపుస్తకంలా చదివి వినిపించింది మిషన్. అన్న ఏడుస్తున్నాడో లేదో అందులో ఎక్కడా వినపడలేదు. ఒక ఖాళీ వచ్చింది, చాలా పొడుగ్గా. దాని తర్వాత ఇంకో వాక్యం.

"నాకు భయమైతుంది."

నా జన్మలో అన్న నోట ఆ మాట వినలేదు. బాపు పాడె ఎత్తినప్పుడు కూడా వినలేదు. నాకూ అదేనని చెప్పాలి, వెంటనే చెప్పాలి. మీట నొక్కాను. నాకు అన్నది ఎలాగో పడింది. గూడ అన్నది పడింది. భయం అన్న మాట మొదలుపెట్టి రెండో అక్షరం నాలుగు చుక్కల దగ్గర వేలు ఆగిపోయింది. ఎంత నొక్కినా మీట కదల్లేదు. కన్నీళ్ళతో మీట కూడా కనపడటం లేదు.

మిగిలిన అక్షరాలు బోధన్ నుంచి వచ్చాయి. అన్న తన మిషన్‌తో నా మాట పూర్తి చేశాడు.