ఇసుకలో కుక్కర్

వాచీలు బాగుచేసే ఆయన దుకాణం మూసేశాక, లోహాలు పసిగట్టే యంత్రం కొనుక్కుని రోజూ సముద్రపు ఒడ్డంతా గాలించేవాడు. సీసా మూతలు తప్ప ఏమీ దొరక్క ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చేవాడు. ఆ ముఖం చూడలేక ఆయన భార్య, చిన్న వస్తువైతే ఆ దిక్కుమాలిన యంత్రానికి ఆనదేమోనని, ఏకంగా తన కుక్కర్నే తీసుకెళ్లి ఇసుకలో పాతింది.

యంత్రం కుయ్యోమంది. ఏనాడూ వంటింటి గడప తొక్కని మహానుభావుడు కదా, తవ్వి తీసిన కుక్కర్ని గుర్తుపట్టలేదు. “పాపం, ఎవరిదో! గుర్తులు చెప్పి పట్టుకెళ్లండి!” అని కేకేశాడు.

భార్య పరుగెత్తుకొచ్చింది. “అది మనదేనండీ!”

“నా పెళ్లానివైనా సరే, గుర్తులు చెప్పాల్సిందే.”

“పిడికి నీలం తాడు కట్టాను. మూతకి సొట్ట, మొన్న వడ్డిస్తుంటే ఉప్పెక్కువైందని మీరు విసిరికొడితే పడింది.”

ఆయన తాడు చూశాడు, సొట్ట తడిమాడు. “రెండూ సరిపోయాయి. కానీ నేను విసిరింది మన కుక్కర్ని. ఇది ఇసుకలో దొరికింది. పరాయి సొత్తు మనకొద్దు.”

“అడుగు మాడి ఉంటుందండీ” అంటూ కేక విని వచ్చిన ఐసుబండివాడి చేతిలో కుక్కర్ని పెట్టేశాడు.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, “అన్నమేదే?” అన్నాడు.

“ఎవరి అన్నమండీ?” అంది ఆవిడ. “గుర్తులు చెప్పండి.”