అయిదో చిలప

మధ్యాహ్నానికి కెజియా కింది పెదవి చిట్లి, నెత్తురు నూలుకంటింది. ఎవరూ చూడకముందే ఆ మూరెడు దారం తుంపి పావడా మడతలో దాచేసి, మళ్లీ పోగు అతికించింది. అవిసె నార వడికేటప్పుడు వేళ్లు తడిగా ఉండాలి. ఆ తడి నోటి నుంచే రావాలి. తెల్లవారిన దగ్గర్నుంచీ రాట్నం తొక్కుతూనే ఉంది. నోట్లో తడి ఎప్పుడో ఆరిపోయింది.

"ఏంటమ్మాయ్, నెత్తురు మింగుతన్నావా?" అంది పక్క రాట్నం మీద ముసలి మార్జరీ.

"నూలు మీద పడితే పాస్టరమ్మ తిట్టుద్ది పిన్నీ."

"తిట్టనీ. ఆ కొసన కూకున్నావిడ్ని చూడు, లేసు టోపీ ఆవిడ్ని. పొద్దుట్నుంచీ ఆవిడ వడికింది నా మీసమంత లేదు."

కెజియా నవ్వబోయింది. పెదవి మండి ఊరుకుంది.

పాస్టరుగారి పెరట్లో రాట్నాలు నాలుగు వరసలుగా వేశారు. కంచె అవతల ఊరు ఊరంతా నిలబడి చూస్తోంది. టీ మీద, గాజు మీద, కాగితం మీద, రంగుల మీద లండన్‌లో కూర్చున్నవాళ్లు పన్ను వేశారని, ఇంగ్లండు సరుకు ముట్టబోమని బోస్టన్ పంతం పట్టిన రెండో వేసవి అది. పెద్దింటి ఆడవాళ్లు కూడా పట్టుగౌన్లు పెట్టెల్లో పెట్టి రాట్నాల ముందు కూర్చున్నారు. వాళ్లకు పోగు నిలవడం లేదు. నిలిచిన చోట ముడులు పడుతున్నాయి. అందుకని వడుకే బతుకుగా ఉన్న ఆడవాళ్లను ఇరవై మందిని పిలిపించి వాళ్ల మధ్య కూర్చోబెట్టారు. వడికి చుట్టిన నూలు చుట్టలు, ఆ చిలపలన్నీ సాయంత్రం పాస్టరుగారికి కానుక. బుట్టలో ముడుల నూలు అడుగున, కూలివాళ్ల నూలు పైన సర్దుతోంది పాస్టరుగారి భార్య.

ఆ ఇరవై మందీ వర్తకుడు ఓబెద్ స్టిల్‌మన్ మనుషులు. నార ఆయనది, రాట్నం ఆయనది. ఇంట్లో కూర్చుని వడికి ఇస్తే చిలపకు ఆరు పెన్నీలు, అందులో సగం ఆయన దుకాణంలోనే మొక్కజొన్న పిండిగానో బెల్లప్పాకంగానో తీసుకోవాలి. లేవకుండా కూర్చుంటే రోజుకొక చిలప అవుతుంది. ఈ రోజుకి ఆ కూలీ కూడా లేదు. దేశం కోసం రమ్మన్నారు, వచ్చారు.

పొద్దు వాలాక స్టిల్‌మన్ మెట్ల మీద నిలబడ్డాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, గొంతు కంచె దాటి వినిపిస్తుంది. పక్కన ఆయన కొనుక్కున్న నల్లపిల్ల వయొలెట్ పళ్లెం పట్టుకుని అందరికీ ఆకు కషాయం అందిస్తోంది. ఇప్పుడు టీ బదులు అదే తాగుతున్నారు.

"మనల్ని అడక్కుండా మన జేబులో చెయ్యి పెట్టేవాడు రాజైనా సరే, దొంగే," అన్నాడాయన. "మనం బానిసలం కాము."

కంచె అవతల టోపీలు లేచాయి. వయొలెట్ పళ్లెం వంచకుండా మరో మనిషి ముందుకి జరిగింది.

"ఈ మహాతల్లులు మనకు దారి చూపించారు. ఈ నెల నుంచి నా దగ్గర వడికే ప్రతి స్త్రీ, అయిదు చిలపల్లో ఒకటి దేశానికి కానుకగా ఇస్తుంది. కాగితం రాయించాను. వచ్చే మంగళవారం పొద్దున నా గిడ్డంగి దగ్గర వేలిముద్రో గీతో పెట్టండి."

చప్పట్లు మోగాయి. లేసు టోపీ ఆవిడ కళ్లు తుడుచుకుంది. కూలివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కెజియా తను లేచి నిలబడ్డానని నిలబడ్డాకనే తెలుసుకుంది.

"అయ్యగారూ, కానుకంటన్నారు. మమ్మల్నెవరూ అడగలేదండి."

పెరట్లో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. పాస్టరుగారు నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు: "అమ్మా, ఇలాంటివి ఇంటి యజమానిని అడుగుతారు. ఆడవాళ్లను అడగరు."

"నిజమే," అన్నాడు స్టిల్‌మన్ నవ్వుతూ. "మీ ఆయన పేరేమిటమ్మా?"

"సైలస్ టార్బెల్ అండి. మీకు తెలిసినోడే. నాలుగేళ్ల కిందట..."

"సైలస్. మంచిది. సైలస్‌నే అడుగుదాం." ఆయన అప్పటికే ఎవరితోనో చెయ్యి కలుపుతున్నాడు.

రాట్నం చంకనేసుకుని కెజియా ఇంటికి నడిచింది. రేవు పక్క సందులో ఒకటే గది. సైలస్ ఎడంచేత్తో ఉప్పు చేప కుండ కలియబెడుతున్నాడు. సంగతి అతని దగ్గరకి ముందే వచ్చేసింది.

"నలుగుర్లో నా పరువు తీసేశావంట," అన్నాడు తల తిప్పకుండా.

"పరువు సంగతి తరవాత. అయిదింట్లో ఒకటి ఇచ్చేత్తే చలికాలం పొయ్యిలోకి ఏం పెడతావు?"

"ఆయన మనోడే. లండనోళ్ల మీద ఆయన కాకపోతే ఎవరు నిలబడ్డారు? నా చెయ్యి ఊరికే పోయిందనుకున్నావా?"

సైలస్ అప్పట్లో తాళ్లు పేనే కొట్టంలో పనివాడు. నాలుగేళ్ల కిందట లండన్ వాళ్లు ప్రతి దస్తావేజుకీ స్టాంపు పన్ను వేసినప్పుడు, ఆ స్టాంపులు పంచే అధికారి ఇంటి మీదకు జనం వెళ్లారు. జనానికి పోసిన రమ్ము పీపా స్టిల్‌మన్‌ది. కిటికీలు విరగ్గొట్టి పైకప్పు లాగుతుంటే దూలం విరిగి సైలస్ కుడిచేతి మీద పడింది. మణికట్టు దగ్గర కోసేశారు. మర్నాడు స్టిల్‌మన్ స్వయంగా ఈ గదికే వచ్చి, అతని ఎడంచెయ్యి పట్టుకుని, "నీ చెయ్యి దేశానికిచ్చావు" అన్నాడు. ఒంటిచేత్తో తాడు పేనడం కుదరదు. కొట్టంలోంచి తీసేశారు. ఆ ఒక్క మాట మీదే సైలస్ ఈ నాలుగేళ్లూ బతికాడు. సారాకొట్టు దగ్గర పదిమందికీ చెప్పాడు.

ఆయన నీ పేరు మర్చిపోయాడు అని కెజియా నోటిదాకా వచ్చింది. కుండ కలియబెడుతున్న ఆ వీపుని చూసి మింగేసింది.

"సోమారం విందుంది," అన్నాడు సైలస్. "ఆ ఇల్లు కూల్చిన రోజుకి గుర్తుగా. ఊరి బయట సత్రంలో. పెద్దోళ్లందరూ వత్తారు. నన్ను పిలవకుండా ఉండరు. కాస్త మంచి చొక్కా ఏదన్నా..."

పోయిన వారమే దుకాణంలో అడిగింది ఆమె. ఇంగ్లండు బట్ట లేదు, ఊరి నార బట్ట గజం నాలుగు షిల్లింగులు, అంటే నలభై ఎనిమిది పెన్నీలన్నాడు గుమస్తా. చొక్కాకి మూడు గజాలు. ఆ నూలు నేను వడికిందేనయ్యా అంటే, అయితే ఎంత గట్టి బట్టో నీకే తెలుసుగా అన్నాడు. నెలరోజులు వడికితే తను వడికిన నూలుతో ఒక చొక్కా వస్తుంది, ఆ నెలంతా ఏమీ తినకపోతే.

పాత చొక్కానే ఉతికి, మోచేతుల దగ్గర అతుకులు వేసి ఇచ్చింది. కాగితం మీద గీత పెట్టే సంగతి ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు.

సోమవారం ఆ సత్రంలోనే అంట్లు తోమడానికి కెజియాకీ మార్జరీకీ పని దొరికింది. లోపల మూడొందల మంది తింటున్నారు. పంది మాంసం, బఠాణీలు, పీపాలకు పీపాల పంచ్ సారా వెళ్తున్నాయి, ఎంగిలి పళ్లేలు వస్తున్నాయి. ఒక్కో గ్లాసు ఎత్తినప్పుడల్లా స్వేచ్ఛ పేరు వినిపిస్తోంది, తరవాత ఫిరంగి మోగుతోంది. ఫిరంగి మోగినప్పుడల్లా పెరటి వాకిట్లో కట్టేసిన గుర్రాలు బెదురుతున్నాయి.

"అమ్మాయ్," అంది మార్జరీ చేతులు తొట్టిలోనే ఉంచి. "అటు చూడమాక."

కెజియా చూసింది. వాకిట్లో, మండే ఎండలో, అతుకుల చొక్కాలో సైలస్ నిలబడి ఉన్నాడు. చేతిలో ఎర్ర గుర్రం కళ్లెం ఉంది. ఎప్పట్నుంచి నిలబడ్డాడో, చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. అతనూ ఆమెను చూశాడు. చూసి గుర్రం మెడ మీదికి దృష్టి తిప్పుకున్నాడు.

విందుకి వచ్చిన పనివాళ్లను గుమ్మం దగ్గరే ఆపి, తలా ఒక గ్లాసు పంచ్ పోశారనీ, అంతలో ఎవరో గుర్రం దిగి, ఎదురుగా ఉన్నవాడి చేతిలో కళ్లెం పెట్టి లోపలికి వెళ్లిపోయాడనీ వంటవాళ్లు చెప్పుకుంటుంటే ఆమె చెవిన పడింది. ఆ ఎదురుగా ఉన్నవాడు సైలస్.

పొద్దు కుంకేవేళ స్టిల్‌మన్ బయటికి వచ్చాడు. మొహం ఎర్రగా, సంతోషంగా ఉంది. తొట్టి దగ్గర కెజియాను చూసి ఆగాడు.

"నువ్వు మొన్న పెరట్లో మాట్లాడిన అమ్మాయివి కదూ. నాకు కోపమేం లేదులే. మీ ఆయన ఒప్పుకున్నాడా మరి?"

కెజియా తడిచేతులు పావడాకి తుడుచుకుంది.

"మీరే అడగండయ్యగారూ. ఇక్కడే ఉన్నాడు."

స్టిల్‌మన్ వాకిలంతా కలియజూశాడు. బండ్ల దాకా చూశాడు, గేటు దాకా చూశాడు. సైలస్ భుజం మీదుగానే చూశాడు.

"ఎక్కడ?"

సైలస్ కళ్లెం బిగించి పట్టుకున్నాడు. స్టిల్‌మన్ మరి వెతకలేదు, గుర్రం దగ్గరకి నడిచాడు. "ఏమ్మా జూనో, ఫిరంగులకి భయపడ్డావా?" అని దాని మూతి నిమిరాడు. జేబులోంచి ఒక రాగి నాణెం తీసి కళ్లెం పట్టుకున్న మనిషి కుడివైపుకి చాచాడు. అటువైపు అందుకోవడానికి చెయ్యి లేదు. చొక్కా చేతిగొట్టం కొస ఉత్తగా వేలాడుతోంది. స్టిల్‌మన్ దాన్ని ఒక్క క్షణం చూసి, "అయ్యో పాపం" అన్నాడు. సైలస్ కళ్లెం వదిలి ఎడంచేత్తో నాణెం అందుకున్నాడు.

"అయ్యగారూ," అంది కెజియా. "నేను ఆ కాగితం మీద గీత పెట్టనండి."

స్టిల్‌మన్ గుర్రమెక్కి వెనక్కి తిరిగాడు. ఇప్పుడాయన మొహంలో నవ్వు లేదు, కోపమూ లేదు, విసుగు ఉంది. "చూడమ్మా, కష్టకాలం ఇది. పెట్టనివాళ్ల పేర్లు ఆదివారం చర్చిలో చదువుతారు, దేశద్రోహులని. తరవాత ఈ ఊళ్లో ఎవరూ నీకు పని ఇవ్వరు. రొట్టె అమ్మరు. రాట్నం మాత్రం రేపు పొద్దున్నే గిడ్డంగికి చేరాలి."

"చేరుద్దండి."

జూనో దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. మార్జరీ తొట్టిలోంచి చేతులు తీసి, మళ్లీ తొట్టిలోనే పెట్టేసింది.

చీకటి పడ్డాక మొగుడూ పెళ్లాలిద్దరూ ఇంటికి చేరారు. గదిలోకొచ్చాక సైలస్ రాగి నాణెం బల్ల మీద పెట్టి దానికి దూరంగా కూర్చున్నాడు. కెజియా పొయ్యి రాజేసింది.

"దాని పేరు జూనో అంట," అన్నాడు.

ఆమె పొయ్యిలో పుల్లలు ఎగదోసింది.

"నీకు ముందే తెలుసా?"

"పెరట్లో తెలిసింది."

"చెప్పలేదే."

"ఎట్టా చెప్పేదయ్యా."

మంగళవారం తెల్లారుతూనే సైలస్ లేచి రాట్నం భుజాన ఎత్తుకున్నాడు. చక్రం చెవికి రాసుకుంటోంది, ఒంటిచేత్తో ఒడుపు కుదరడం లేదు. ఆమె పట్టబోతే వద్దన్నాడు. దారిలో తాళ్ల కొట్టం పనివాళ్లు కొందరు ఎదురయ్యారు. ఆ రాత్రి అతని పక్కన నిలబడి పైకప్పు లాగినవాళ్లే. ఒకడు పలకరించబోయి, భుజం మీది రాట్నం చూసి, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

గిడ్డంగి ముందు ఆడవాళ్లు బుట్టలతో వరసగా నిలబడి ఉన్నారు. గుమస్తా బల్ల వేసుకుని కూర్చుని, పేరు పిలిచి కాగితం తిప్పుతున్నాడు. ఒక్కొక్కరూ వచ్చి గీత గీసి, నార కట్ట తీసుకుని వెళ్తున్నారు. సైలస్ రాట్నం బల్ల పక్కన దించగానే వరసలో గుసగుసలు ఆగిపోయాయి. ఎవరూ కెజియా వైపు చూడలేదు. నిన్నటిదాకా పిండి అప్పు తీసుకున్న పక్కింటావిడ కూడా తన వంతు రాగానే గబగబా గీత గీసి, తల వంచుకుని, దాదాపు పరుగెత్తుతూ వెళ్లిపోయింది.

"తప్పుకోండి, దారికడ్డం," అన్నాడు గుమస్తా. "మార్జరీ."

ముసలావిడ బల్ల దగ్గరకొచ్చింది. ఎడంచంకలో ఖాళీ బుట్ట. మొగుడు లేడు, బిడ్డలు లేరు, ఈ వడుకు తప్ప చేతిలో ఇంకో పనీ లేదు. గుమస్తా ఈక కలం సిరాలో ముంచి చాచాడు.

"ఇక్కడ పెట్టు, అవ్వా."

ఆవిడ కాగితం వైపు చూసింది. తనకు చదవడం రాదు.

"ఇందులో ఏం రాసుందో చదువు నాయనా," అంది.

"అందరికీ చదవాలంటే తెల్లారిపోద్ది. గీత పెట్టు."

"నేనింకా వినలేదుగా."

వెనక వరసలో ఎవరో "కానీ పిన్నీ, ఎండెక్కుతోంది" అన్నారు. మార్జరీ కదల్లేదు. గుమస్తా కలం చాచే ఉంచాడు. కలం కొసన సిరా ఊరి ఊరి కాగితం మీద పడింది.